గంగారాం దగ్గర ఆగిన షాక్

2023 చలికాలం. రియాద్‌లో విద్యుత్తు చరిత్ర మీద ఒక ప్రదర్శన సిద్ధమవుతోంది. చాలా ఏళ్లు దినపత్రికల్లో పనిచేసిన నేను అక్కడ ప్యానెళ్లు, అంటే వస్తువుల పక్కన గోడమీద పెట్టే వివరణలు రాసేవాణ్ని.

అందులో ముఖ్యమైనది లైడెన్ జార్. లోపలా బయటా రేకు అతికించిన గాజు సీసా. రాపిడితో పుట్టిన విద్యుత్తును దాచుకుంటుంది. విప్లవానికి ముందు ఫ్రాన్సులో మనుషులను చేయీ చేయీ పట్టించి నిలబెట్టి, దీంతో అందరికీ ఒకేసారి షాక్ ఇచ్చేవారు. ప్రభువుకూ పనివాడికీ ఒకే దెబ్బ. తరవాత విప్లవకారులు జనంలో పాకిన ఆవేశాన్ని ఈ విద్యుత్తుతోనే పోల్చారు.

రిహార్సల్‌కు ఇంజనీర్ల నుంచి క్లీనర్ల దాకా అలాగే నిలబడ్డాం. ఇనుప స్టాండు మీద సీసా. ఒక చివరి మనిషి దాని బయటి రేకు పట్టుకున్నాడు, మరో చివరి మనిషి దాని మూతలోంచి పైకి వచ్చిన లోహపు కడ్డీ ముట్టుకున్నాడు. కడ్డీ వైపు వాళ్లంతా ఎగిరిపడ్డారు. నేల తుడిచి వచ్చి నిలబడ్డ నిజామాబాద్ గంగారాం దగ్గర షాక్ ఆగిపోయింది. అతని ముఖం కదల్లేదు. అవతల ఉన్న మాకేమీ తెలియలేదు. మళ్లీ చేశాం. మళ్లీ అతని దగ్గరే.

"గంగన్నా, నువ్వు సచ్చి ఎన్నొద్దులైందే?" అన్నాడు అతని గదిలో ఉండే మల్లేశ్. ఎవరూ నవ్వలేదు. గంగారాం చేయి పట్టుకున్నవాడు వదిలేసి, అరచేయి ప్యాంటుకు తుడుచుకున్నాడు.

సాయంత్రానికి మల్లేశే సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్లాడు. "ఆయన పక్కపొంటి మేం పండం భాయ్."

సూపర్‌వైజర్ ఖలీల్‌ది హైదరాబాద్. "నాకెందుకీ లొల్లి? మెడికల్‌కు పంపుతా. అన్‌ఫిట్ అంటే ఎగ్జిట్ వీసా కొట్టిచ్చి ఇంటికి పంపిస్తా" అన్నాడు.

విలేఖరిగా అలవాటైన పనే చేశాను. వెళ్లి గంగారాంనే అడిగాను.

"కొట్టింది సారూ. మోచేతులకెల్లి అరికాళ్లల్లకు దిగింది. పానం గుంజినట్టయింది."

"మరి కదల్లేదేం?"

"ఉలికిపడితె గుండె కమ్జోర్ అంటరు. గట్లనే మా ఊరోన్ని వాపస్ పంపిన్రు. బిగవట్టిన."

తుడిచిన నేల మీద మరకలు పడతాయని చెప్పులు విడిచి, తడిలోనే నిలబడ్డాడట. ఆ తడి స్టాండు దాకా ఉంది. విద్యుత్తు అతని కాళ్లగుండా దిగి, స్టాండు మీదుగా సీసా బయటి రేకుకు పోయింది. పాత రోజుల్లోనూ ఇలాగే ఒకడి దగ్గర షాక్ ఆగితే, వాడి ఒంట్లోనే లోపముందని చెప్పుకున్నారు. చివరికి తేలింది కాళ్ల కింది తడినేల.

మర్నాడు నేల ఆరబెట్టి, అందరి కాళ్ల కిందా రబ్బరు చాపలు పరిచారు. గంగారాం చేయి పట్టుకోవడానికి ఎవరూ రాలేదు. ఒకవైపు నేను, రెండోవైపు, గొణుక్కుంటూ, ఖలీల్.

"యా అల్లా!" ఖలీల్ అరుపుతో పాటు గంగారాంకు అటూ ఇటూ వరుసంతా ఎగిరిపడింది.

"మెడికల్ లేదు, ఏం లేదు. పో, పని చూస్కో" అన్నాడు ఖలీల్, చేయి విదిలిస్తూ.

గంగారాం ముఖం అప్పుడూ రాయిలాగే ఉంది. నా చేతిలో అతని వేళ్లు మాత్రం ఇంకా వణుకుతున్నాయి. ముఖం కదలనంత మాత్రాన మనిషికి దెబ్బ తగల్లేదని రాయకూడదని, అన్నేళ్లు వార్తలు రాసిన నాకు ఆ వేళ్లు పట్టుకున్నాకే తెలిసింది.