తానుల గదిలో విన్న ఆంప్

మావ పోయారని నరసన్నపేట నుంచి ఫోను వచ్చినప్పుడు, శ్రీకాకుళంలో నా గిటారు క్లాసులో కూర్చుని తీగలు మారుస్తున్నాను. మా అమ్మకు తమ్ముడు ఆయన. నరసన్నపేట బజారులో బట్టల దుకాణం. పొద్దున్నే దుకాణం తెరిచి, టీ తాగి కుర్చీలో వెనక్కి వాలిన మనిషి మరి లేవలేదట. "బేరం మధ్యలో అయితే పోయుండరు" అని అత్త ఏడుస్తూనే అంది. నిజమే, బేరం తెగకుండా లేచే మనిషి కాదు.

మావకు గిటారు సంగతి ఏమీ తెలియదు. జాజ్, బ్లూస్ అని నేనేదో చెప్పబోతే "రెండూ ఇంగ్లీషోళ్ల ఏడుపులే గావాల" అనేవారు. కానీ ఉద్యోగం మానేసి గిటారు క్లాసు పెడతానంటే ఇంట్లో అడ్డు చెప్పనిది ఆయనొక్కరే. అప్పటి సంగతి ఇది: క్లాసు తెరిచే రోజు పిల్లల తల్లిదండ్రుల ముందు నేను వాయించాలి. వాళ్లకు నచ్చితే పిల్లల్ని పంపుతారు, లేదంటే గదికి తాళం వేసి మళ్లీ ఉద్యోగం వెతుక్కోవాలి. ఎలక్ట్రిక్ గిటారు ఎంత మంచిదైనా దాని గొంతు ఆంప్ అనే స్పీకరు పెట్టెలోంచే బయటికొస్తుంది కాబట్టి ముందు మంచి ఆంప్ కొనాలి.

విశాఖపట్నంలో ఆంపులమ్మే దుకాణానికి మావ కూడా వచ్చారు. అమ్మే ఆయన శబ్దానికి మెరుగులు దిద్దే ఎకోలన్నీ పెట్టి వినిపించగానే నేను కరిగిపోయాను.

"ఏటి నచ్చినాదే?" అన్నారు మావ.

"సౌండు, మావా."

"నచ్చిందంటే సాలదు. ఏటి నచ్చిందో సెప్పు."

చీర బాగుందన్న ప్రతి మనిషినీ ఆయన అడిగే ప్రశ్నే ఇది. నేను మళ్లీ ఎకో మీట వైపే చూపించాను. "లైటు కింద ఏ సీరైనా మెరుస్తాది. బయటికి తెచ్చి సూడాల" అంటూ ఆ ఎకోలన్నీ ఆపించారు. మిగిలింది ఒట్టి డొల్ల శబ్దం. తర్వాత, పెళ్లివారింటికి చీరలు పంపే పద్ధతిలో బేరం పెట్టారు: రెండు ఆంపులు పట్టుకెళతాం, నచ్చింది ఉంచుకుని నచ్చనిది తిప్పి పంపుతాం. అమ్మే ఆయన తెల్లమొహం వేశాడు. సాయంత్రానికి మాత్రం రెండు పెట్టెలూ మావ వ్యానులో ఉన్నాయి.

దుకాణం వెనక గదిలో, కప్పుదాకా పేర్చిన బట్టల తానుల మధ్య రెండూ వాయించి చూశాం. జాజ్ కార్డు పట్టుకుంటే, అంటే నాలుగైదు తీగలు కలిపి మీటితే, ఒక్కో తీగా విడిగా వినబడాలి. బ్లూస్‌కి తీగను వంచితే స్వరం చివరిదాకా సాగాలి. వాల్యూము పెంచినా గొంతు బొంగురుపోకూడదు. మొదటి పెట్టె ముసుగు కప్పుకుని మాట్లాడుతున్నట్టుంది. రెండోది స్పష్టంగా పలికింది. ఏమి నచ్చిందో ఈసారి గడగడా చెప్పేశాను. మావ తలూపారు.

క్లాసు తెరవడానికి ముందురోజు ఆ రెండోదాన్ని నా గదిలో పెట్టి వాయించాను. సూది దించినట్టు చెవిలో గుచ్చుకుంది. ట్రెబుల్ మీట తిప్పి కీచుదనం మొత్తం తగ్గించినా ప్రాణం పోయిందే కానీ పోటు పోలేదు. మావకు ఫోను చేశాను. ఆయన వచ్చి విన్నారు. గోడలకున్న టైల్స్ చూశారు, కిటికీ అద్దాలు చూశారు. పకపకా నవ్వారు.

"ఒసే, మనవిద్దరం గొప్పోళ్లమే! బట్టల్లో కూకోబెట్టి ఇన్నాం. ఆ సౌండులో కారమంతా నా తానులు మింగీసినాయి. సీర బయటికి తెచ్చి సూడమని ఊరందరికీ సెప్పినోణ్ణి, నేనే సూడనేదు!"

"ఇప్పుడేటి సేద్దాం మావా?"

"ఆ మొదటి పెట్టి ఇంకా తిప్పి పంపనేదు కదే. వ్యాన్లోనే ఉన్నాది."

ముసుగు కప్పుకుందని వద్దనుకున్న ఆ పెట్టె నా గదిలో హాయిగా నోరు విప్పింది. మర్నాడు దానిమీదే వాయించాను. మావ వెనక వరసలో కూర్చుని, బాగుందన్న వాళ్లనల్లా ఏమి నచ్చిందని అడుగుతూనే ఉన్నారు. క్లాసు ఈనాటికీ నిక్షేపంగా నడుస్తోంది. ఆంప్ కొనాలని నా దగ్గరికి వచ్చే పిల్లలకు నేను చెప్పేది కూడా ఇంతే: ఎక్కడ వాయిస్తారో అక్కడ వినండి, ఏమి నచ్చిందో చెప్పండి. ఆ మాటలు నావి కావు.

మొన్న దుకాణంలో సరుకంతా వేరే వర్తకులకు ఇచ్చేశారు. "మీ మావ కూకున్న కాడ ఓపాలి వాయించే" అని అత్త అడిగితే అదే ఆంప్ పట్టుకెళ్లాను. వెనక గదిలో ఒక్క తాను లేదు. ఉత్త గోడలు. కార్డు పట్టుకున్నాను. ఆనాడు అక్కడే ముసుగు కప్పుకున్న పెట్టె, ఇప్పుడు ఒక్కో తీగనూ విడివిడిగా వినిపించింది. తానులూ మావా అక్కడే ఉండి, ఆ గదిలో అది అంత బాగా పలకకుండా ఉంటే ఎంత బాగుండేదో!

"బాగున్నాదే" అంది అత్త, గుమ్మంలో నిలబడి.

ఏమి నచ్చిందని ఎవరూ అడగలేదు. కార్డు మాత్రం ఆ ఖాళీ గోడల మధ్య చాలాసేపు తిరిగింది.