చెలమ దగ్గర ఎత్తిన కుండ

దయ్యాలన్నా గాలి సోకడాలన్నా నాకు మొదటినుంచీ నమ్మకం లేదు. మా అత్త కాస్త నలతగా ఉన్నా దిష్టి తీయించుకునేది, నేను చాటుగా నవ్వుకునేదాన్ని. ఇప్పుడు కూడా ఎవరినీ నమ్మమనడం లేదు. జరిగింది రాస్తున్నాను, అంతే.

అప్పుడు మాది మద్రాసు రాజధానిలో కర్నూలు జిల్లా. రాచర్ల పక్కన పల్లె. వరుసగా వానలు లేక బావులు అడుగంటాయి. మగవాళ్ళు పశువులను తోలుకుని మేత కోసం నల్లమలలోకి వెళ్ళిపోయారు, మా ఆయన కూడా. ఇంట్లో నా కూతురు జ్వరంతో పడి ఉంది. పాలు మరిచిన పసిది. నాలుక పిడచకట్టి, ఏడవడం కూడా మానేసింది. ఇంట్లో చుక్క నీరు లేదు.

పిల్లను అత్తకు అప్పగించి, నేనూ మా తోడికోడలు లక్ష్మమ్మా వాగుకు వెళ్ళాం. వాగంటే వట్టి ఇసుక. అందులో చెలమ తవ్వి, ఊరే నీళ్ళను కొబ్బరి చిప్పతో తోడుకోవాలి. మిట్టమధ్యాహ్నం, ఆకాశంలో మబ్బుతునక లేదు. ఎంతసేపు కూర్చున్నా కుండ అడుగు మాత్రమే తడిసింది.

అప్పుడు గట్టు మీద నుంచి ఎవరో ఆడమనిషి పిలిచింది.

“అమ్మా, ఈ కుండ రవ్వంత ఎత్తిపోమ్మా.”

నాకు ఒళ్ళు మండింది. లేస్తే చెలమ పూడిపోతుంది, అక్కడ పిల్ల ఎట్లా ఉందో. కానీ నెత్తికి కుండ ఎత్తమంటే మా వైపు ఎవరూ కాదనరు. గొడవలొచ్చి మాటలు మానుకున్న వాళ్ళు కూడా వచ్చి ఎత్తి, మాట్లాడకుండా పోతారు. గొణుక్కుంటూ గట్టెక్కాను.

ఆమె నెత్తిన చుట్టబట్ట పెట్టుకుని నిలబడి ఉంది. కుండ నిండుగా ఉంది. మోకాలి మీద ఆనించుకుని ఎత్తాను. నీళ్ళు తొణికి నా పైట చల్లగా తడిసింది. ఇంత కరువులో నిండు కుండ ఎక్కడిదని అడగబోయాను.

వెనక పెద్ద మోత. తిరిగి చూస్తే వాగు వస్తోంది. ఎర్రటి నీళ్ళు, వేళ్ళతో సహా చెట్లు. నల్లమలలో ఎక్కడో వాన పడినట్టుంది. మా చెలమ లేదు, మా కుండలు లేవు. లక్ష్మమ్మ నా పక్కనే ఉంది. కుండ ఎత్తించుకున్న మనిషి మాత్రం లేదు.

“ఆమె ఏదే?” అన్నాను.

“ఎవురక్కా? నాకే పిలుపూ వినపళ్ళేదు. నువ్వు లేచి పోతాంటే ఏందోనని నీ ఎనకాలే వచ్చినా. వట్టి చేతులు పైకెత్తి నిలబడినావు. నాకు భయమేసింది.”

ఇంటికి పరుగెత్తాను. వాగు నిండా నీళ్ళే, తేవడానికి కుండ లేదు. తెచ్చినా ఆ బురద తేరేదాకా పిల్ల ఆగేట్టు లేదు. ఏం చేయాలో తోచక ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకోబోతే, అంత ఎండలో వచ్చినా పైట ఇంకా తడిగానే ఉంది. పిల్ల నోటి మీద పెట్టి పిండాను. తేట నీళ్ళు. మింగింది. మళ్ళీ పిండాను, మళ్ళీ మింగింది. కాసేపటికి కళ్ళు తెరిచింది.

అది చెమట అయ్యుంటుందని లక్ష్మమ్మ చివరిదాకా అంటూనే ఉండేది. చెమట పిండితే పిల్ల గుటకలు వేస్తుందా? ఆ పిల్లకు ఇప్పుడు మనవలు.

ఆమె ఎవరో, ఆ నీళ్ళు ఎక్కడివో నాకు ఇప్పటికీ తెలియదు. చుట్టబట్ట గుర్తుంది. కుండ మూతి దగ్గర పెచ్చు ఊడి ఉండడం గుర్తుంది. మొహం మాత్రం నేను చూడలేదు. ఎత్తేటప్పుడు ఎవరైనా కుండనే చూస్తారు.

ఇప్పుడు కుండలు పోయి బిందెలు వచ్చాయి. ఎవరికి ఎత్తినా ముందు మొహం చూస్తాను.