మా కోడలికి సూది ఎక్కించడం రాదు

నా చిన్నప్పుడు న్యూజెర్సీలో, ఐసెలిన్ దగ్గర మేమున్న అపార్ట్‌మెంట్‌లో, టీవీ కంటే ఎక్కువ చప్పుడు చేసేది మా నాయనమ్మ కుట్టు మిషన్. ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ గరాజ్ సేల్‌లో పెడితే నాన్న కొనుక్కొచ్చిన పాతది. నాయనమ్మ దాన్ని తన గది కిటికీ పక్కన వేయించుకుంది. పాత చీరలు, నాన్న చొక్కాలు, నాకు పొట్టివైపోయిన గౌన్లు, అన్నీ ముక్కలుగా కోసి, అతికి, పొరల మీద పొరలు పేర్చి బొంతలు కుట్టేది. అంతకుముందు చేత్తోనే కుట్టేదట. ఇక్కడికొచ్చాకే మిషన్ మీద నేర్చుకుంది. మా ఎరుకలో ఉన్న తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఆవిడ బొంత లేని సోఫా ఉండేది కాదు.

అమ్మా నాన్నా ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్ళేవారు. నన్నూ, నడక ఇంకా సరిగా రాని మా తమ్ముణ్ణీ చూసుకునేది నాయనమ్మే. ఆవిడకూ నాకూ మధ్య ఒక రహస్యం ఉండేది. ఆవిడకు సూది బెజ్జం కనబడదు. పొద్దున్నే స్కూల్ బస్సు వచ్చేలోగా నేను మిషన్ సూదిలో దారం ఎక్కించి, చేతికుట్టు కోసం ఇంకొన్ని సూదులకు కూడా దారాలు ఎక్కించి, ఒక గుడ్డకు గుచ్చి పెట్టి వెళ్ళేదాన్ని. నేను వెళ్ళాక మిషన్ దారం తెగితే, మళ్ళీ నేను వచ్చేదాకా పని ఆగిపోయేది. మిగతాదంతా ఆవిడ వేళ్ళతో తడుముకుని, లావుగా సుద్దగీత గీసుకుని నెట్టుకొచ్చేది.

"మీ అమ్మకు చెప్పకే. కళ్ళు కనబడవంటే స్టవ్ దగ్గరికి రానివ్వరు. పిల్లవాణ్ణి నా చేతికివ్వరు. ఒక మూల కూర్చోబెట్టేస్తారు" అంది ఒకసారి. ఆ మూల ఎలా ఉంటుందో నాకు తెలియకపోయినా, ఆవిడ గొంతు విని భయం వేసింది. నేను ఎవరికీ చెప్పలేదు.

అమ్మకూ నాయనమ్మకూ పెద్ద గొడవలేమీ ఉండేవి కావు. అలాగని చనువూ ఉండేది కాదు. నాయనమ్మ దృష్టిలో మా అమ్మ కంప్యూటర్ల ముందు కూర్చోవడం తప్ప చేతిపని తెలియని మనిషి. అది నిజం కాదు. అమ్మ ఆదివారాలు తన చీరలకు ఫాల్స్ తనే కుట్టుకునేది. టీవీ చూస్తూ, సూది వైపు చూడకుండానే దారం ఎక్కించేది. కాకపోతే అమ్మకు పంతం ఎక్కువ. ఫలానాది నాకు రాదు అని ఎవరి ముందూ ఒప్పుకునేది కాదు. ఆఫీసులో ఏదైనా అర్థం కాకపోతే, పక్కవాళ్ళను అడిగే బదులు లావుపాటి పుస్తకాలు ఇంటికి తెచ్చుకుని చదివేది.

ఆ ఏడాది టెక్సస్‌లో ఉన్న మా మేనత్తకు నెలలు నిండుతున్నాయి. పుట్టబోయే బిడ్డకు నాయనమ్మ బొంత మొదలుపెట్టింది. సగంలో ఉండగా పాత మిషన్ ఒక్కసారి గట్టిగా మూలిగి ఆగిపోయింది. లోపల పళ్ళచక్రం విరిగిందనీ, ఆ మోడల్‌కు ఇప్పుడు పార్ట్స్ దొరకవనీ బాగుచేసే అతను తేల్చేశాడు. కొత్తది కొనక తప్పలేదు. ఒక శనివారం తమ్ముణ్ణి నాన్నకు అప్పగించి, అమ్మ, నాయనమ్మ, నేను మిషన్లు అమ్మే షాపుకు వెళ్ళాం.

నాయనమ్మ చీర మీద స్వెటర్ వేసుకుని, కాళ్ళకు స్నీకర్స్ తొడుక్కుని, చంకలో ఒక సంచి పెట్టుకుని బయల్దేరింది. షాపులో అటూ ఇటూ బట్టల తానులు, మధ్యలో బల్లల మీద వరసగా మిషన్లు. కొలత టేపు మెడలో వేసుకున్న ఒక అమెరికన్ ఆవిడ వచ్చి, ఏం కుడతారు అని అడిగింది. నాయనమ్మ మాటకు బదులు సంచిలోంచి సగం కుట్టిన బొంతను తీసి బల్ల మీద పరిచింది. షాపావిడ దాన్ని తిరగేసి, మరగేసి చూసి "ఓ, ఇట్స్ బ్యూటిఫుల్" అంది. ఆ మాటకు తెలుగు అక్కర్లేకపోయింది.

ఇక నాయనమ్మ ఆగలేదు. నేను మధ్యలో నిలబడి ఆ మాటలు ఈవిడకూ, ఈ మాటలు ఆవిడకూ చేరవేశాను. మొదటి మిషన్‌లో గుడ్డను నొక్కిపట్టే పాదం పైకి లేచింది చాలదనీ, బొంత దాని కింద దూరడం లేదనీ తోసేసింది. రెండోదాని మీద కుడితే పైపొర ముందుకు జరిగి కిందిపొర వెనకబడింది. "ఇది చొక్కాలకు పనికొస్తుంది గానీ బొంతలకు కాదని చెప్పు" అంది. మూడోదాని దగ్గర సూదికీ మిషన్ ఒంటికీ మధ్య ఖాళీలోకి చుట్టిన బొంతను దూర్చి చూసింది. "ఇక్కడ చోటు లేకపోతే బొంత నడిమికి ఎలా వస్తామే?" అంది. నేను ఇంగ్లీషులో చెప్పగానే షాపావిడ నవ్వి, అందరూ రంగు చూసి కొంటారు, మీ గ్రాండ్‌మదర్ మాత్రం చోటు చూస్తోంది అంది. బట్టలు కొనడానికి వచ్చిన ఇద్దరు ముగ్గురు ఆగి వింటున్నారు. నాయనమ్మ ముఖం వెలిగిపోతోంది. అంతమంది ముందు ఆవిడను అలా చూడటం నాకు అదే మొదలు. ఆవిడ మాటల్ని నా నోటితో చెప్పడం గొప్పగా అనిపించింది.

మూడోదానిలో చోటు సరిపోయింది, అది కుదిరినట్టే ఉంది. అప్పుడు షాపావిడ సూదిలోని దారాన్ని బయటికి లాగేసి, కొనేముందు ఒకసారి మీరే ఎక్కించి చూడండి, ఒక్కో మిషన్‌కు ఒక్కో దారి ఉంటుంది అంది. నేను ఆ మాటను తెలుగులో చెప్పనే లేదు. నాయనమ్మకు అర్థమైపోయింది.

ఆవిడ స్టూల్ మీద సర్దుకుని కూర్చుంది. దారం కొసను నోట్లో తడి చేసి, వేళ్ళ మధ్య సన్నగా నలిపి, ముందుకు వంగింది. దారం సూదికి ఇవతలగా పోయింది. మళ్ళీ చేసింది. అవతలగా పోయింది. షాపావిడ దీపం దగ్గరికి జరిపి, గొంతు పెంచి, చెవిటివాళ్ళకు చెప్పినట్టు "టేక్ యువర్ టైమ్" అంది. వింటున్నవాళ్ళు వింటూనే ఉన్నారు. నాయనమ్మ దారం కొసను మళ్ళీ నోట్లో తడి చేసింది. రెండో చేత్తో నా మణికట్టు పట్టుకుంది గానీ నా వైపు చూడలేదు. ఎక్కించమంటే ఒక్క క్షణంలో ఎక్కించేదాన్ని. కానీ నేను చెయ్యి చాస్తే రహస్యం అందరి ముందూ బయటపడుతుంది. చాచకపోతే ఇలాగే అందరూ చూస్తుంటారు. సిగ్గుతో నా మెడ వెనక చెమట పట్టింది. ఆవిడ పట్టుకోకపోతే అక్కణ్ణుంచి పారిపోయేదాన్నేమో. ఎవరైనా దీపాలన్నీ ఆర్పేస్తే బాగుండుననిపించింది.

అప్పటిదాకా వెనక నిలబడి ఏవో కాగితాలు చదువుతున్న అమ్మ ముందుకొచ్చింది. "ఏదీ, కొంచెం జరగండత్తయ్యా, నేను చూస్తాను" అని స్టూల్ మీద ఒక పక్కగా కూర్చుంది. హమ్మయ్య అనుకున్నాను. అమ్మ దారం అందుకుని సూది దగ్గరికి పెట్టింది. తప్పింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ తప్పింది. కళ్ళు చికిలించి, ఊపిరి బిగబట్టి ఇంకోసారి పెట్టింది. దారం మడత పడి వేలాడింది. అమ్మ తలెత్తి, అందరికీ వినబడేలా, తనకూ చేతకావడం లేదని షాపావిడకు ఇంగ్లీషులో చెప్పి, "నా వల్ల కూడా కావట్లేదత్తయ్యా" అంది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. అమ్మ చెవులు ఎర్రబడ్డాయి.

షాపావిడ ముందే చెప్పాల్సిందంటూ పక్క బల్ల దగ్గరికి తీసుకెళ్ళింది. దానికి అంతే చోటు, అంతే బలం. పైగా ఒక చిన్న మీట ఉంది. దారాన్ని కొక్కేనికి తగిలించి మీట నొక్కితే దానంతటదే బెజ్జంలోకి దూరుతుంది. అలాంటివి అప్పుడప్పుడే కొత్తగా వస్తున్నాయట. నాయనమ్మ వేళ్ళతో తడుముకుని నొక్కింది. ఎక్కింది. బొంతను పాదం కింద పెట్టి ఒక వరస నిదానంగా కుట్టింది. పొరలు కదల్లేదు. అప్పుడు లేచి నిలబడి నాతో గట్టిగా అంది:

"చూశావుటే, మీ అమ్మకు సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. ఆవిడ కోసమైనా ఈ మీటదే తీసుకోవాలి."

"అవునత్తయ్యా, అదే తీసుకుందాం" అంది అమ్మ.

కారులో వెనక సీట్లో మిషన్ పెట్టె పక్కన కూర్చుని నేను ఉడికిపోయాను. "బట్ అమ్మా, నీకు వచ్చు కదా..." అనబోతే, అద్దంలోంచి అమ్మ చూసిన చూపుకు నోరు మూతపడింది. ఇంటికొచ్చాక వంటింట్లో పెట్టె విప్పుతున్నప్పుడు అడిగాను, అబద్ధం ఎందుకు చెప్పావని.

"నువ్వు ఆడుకోవడానికి వెళితే మిషన్ చప్పుడు ఆగిపోతుంది. నువ్వొస్తే మళ్ళీ మొదలవుతుంది. ప్రతి వీకెండూ అంతే. నాకు తెలీదనుకున్నావా?" అంది అమ్మ.

"అందరూ నవ్వారు. నీకు ఎంబరాసింగ్‌గా లేదా?"

"ఎందుకు లేదు? ఇంకా చెవులు వేడిగానే ఉన్నాయి" అంది. కాసేపు అట్టముక్కలు మడతపెట్టి, "నాకైతే రేపటికి పోతుందిలే. ఆవిడకు పోదు" అంది.

మర్నాటికి పోలేదు. నాయనమ్మ పోనివ్వలేదు. ఇంటికి ఎవరొచ్చినా కొత్త మిషన్ చూపించి, "మా కోడలికి సూది ఎక్కించడం రాదు, అందుకని ఇది కొన్నాం" అని చెప్పేది. ఆంటీలు నవ్వేవారు. అమ్మ వాళ్ళకు కాఫీలిస్తూ తనూ నవ్వేది. నాకు మాత్రం తలెత్త బుద్ధయ్యేది కాదు. ఒకరు కప్పిన దుప్పటి కిందే కూర్చుని వాళ్ళనే వేలెత్తి చూపిస్తున్నట్టు అనిపించి, కొన్నాళ్ళు నాయనమ్మ పక్కన పడుకోవడం కూడా మానేశాను.

బొంత పూర్తయి టెక్సస్ చేరాక అమ్మ ఒకరోజు, "నాకు ఈ మధ్య సూది ఎక్కడం లేదుగా అత్తయ్యా, కళ్ళు చూపించుకుంటాను. మీరూ తోడు రండి" అంది. డాక్టర్ ఇద్దరి కళ్ళూ చూశాడు. నాయనమ్మకు శుక్లాలున్నాయన్నాడు. ఎవరూ ఆవిణ్ణి మూల కూర్చోబెట్టలేదు. ఆపరేషన్లు అయ్యాక మొదటిసారి బొంత మీద తన కుట్లు తనే చూసుకుని, "ఇంత వంకరగా కుట్టానటే!" అంది.

తర్వాత మా తమ్ముడి పుట్టినరోజుకు ఇంటినిండా జనం. ఒక ఆంటీ, పాపం సరదాకే, "సూది ఎక్కించడం రాని కోడలు కేక్ ఎలా చేసిందండీ?" అంది. అందరూ నవ్వారు. నాయనమ్మ నవ్వలేదు. చేతిలో ప్లేటు కింద పెట్టింది.

"దానికి రాకపోవడమేమిటి? రెప్పపాటులో ఎక్కిస్తుంది. ఆ రోజు ఎక్కించలేనిది నేను. నలుగురిలో నా పరువు నిలబెట్టడానికి తన పరువు తీసుకుంది. నేనేమో తెలిసీ, ఇన్నాళ్ళూ దాన్నే పట్టుకుని ఆడిపోసుకున్నాను" అంది. అనేసి తల దించుకుంది. షాపులో స్టూల్ మీద చూసిన ముఖమే అది. ఈసారి మాత్రం ఎవరూ ఎక్కించి చూడమని అడగలేదు.

"ఇప్పుడెందుకత్తయ్యా అవన్నీ" అంటూ అమ్మ ఆ ప్లేటు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఎంతసేపటికీ బయటికి రాలేదు. ఆ రోజు రాత్రి నేను మళ్ళీ నాయనమ్మ పక్కన పడుకున్నాను. ఆవిడ నా వైపు కొంచెం జరిగింది.

ఇప్పుడు నాకు మనవలున్నారు. జార్జియాలో, కమ్మింగ్‌లో ఉంటాను. ఆదివారాలు ఇక్కడి పిల్లలకు తెలుగు చెబుతాను. ఈ మధ్య క్లాసులో ఒక పాప చదువుతూ చదువుతూ ఒక వత్తు దగ్గర ఆగిపోయింది. వెనక బెంచీలో నవ్వులు. ఇంత వయసొచ్చినా, అందరికంటే ముందు నా ముఖమే వేడెక్కింది. చూపు కిటికీ వైపు తిప్పుకున్నాను. అమ్మలా వెంటనే కదలడం నాకు ఇప్పటికీ చేతకాదు. కాసేపటికి వెళ్ళి ఆ పాప పక్కన కూర్చున్నాను. పుస్తకం అందుకుని, ఆ మాటనే గట్టిగా, తప్పుగా చదివాను. పిల్లలందరూ ఈసారి నన్ను చూసి నవ్వారు.

చెవులు సాయంత్రం దాకా వేడిగానే ఉన్నాయి.