మేనమామ ముద్ద

ఈ ఆదివారం మా రైల్వే కాలనీ న్యూ సెటిల్‌మెంట్ గుడిలో గీతా పారాయణం అయ్యాక, రైల్వే వర్క్‌షాప్‌లో నాతోపాటు రిటైరైన స్నేహితుడొకడు పులిహోర నములుతూ అందరి ముందూ నన్ను పట్టుకున్నాడు. "గురువుగారూ, మెక్సికో ఎల్లి సచ్చినోళ్ళ పండగ సూసొచ్చినారంట కదా. ప్రాయశ్చిత్తం ఏటి సేసుకున్నారు?" అందరితోపాటు నేనూ నవ్వాను. అక్కడ నేను చేసింది మాత్రం చెప్పలేక ఇంటికొచ్చేశాను.

నా మేనకోడలు ఇక్కడి ఇండస్ట్రియల్ పార్కులో ఇంజినీరు. పోయిన ఏడాది కంపెనీ పని మీద మెక్సికో వెళ్ళి, వాళ్ళమ్మని, అంటే మా అక్కని, తోడుగా నన్నూ రమ్మంది. చనిపోయినవాళ్ళు అక్కడ ఏడాదికోసారి ఇంటికొస్తారట, చిన్నపిల్లలకు విడిగా ఒక రోజట. ఆ మాట వినే, పూరీ దాటి ఎరగని అక్క పాస్‌పోర్టుకు ఫొటో దిగింది. విమానంలో నేను ఆపకుండా విష్ణుసహస్రనామం చదువుతుంటే, "దేవుణ్ణి కాసేపు పడుకోనీరా" అని విసుక్కుంది.

అక్క ఎందుకు బయలుదేరిందో నాకు తెలుసు. మేనకోడలి కంటే ముందు అక్కకు ఒక మగబిడ్డ నిమ్‌పురా రైల్వే క్వార్టర్లో పుట్టాడు. ఆరో నెలలో అన్నప్రాసనకు ముహూర్తం పెట్టించాం. మేనమామని కనక మొదటి ముద్ద నాది. వెండి గిన్నె కూడా కొన్నాను. ముహూర్తం రాకముందే జ్వరమొచ్చి వాడు పోయాడు. పళ్ళు రాని బిడ్డకు దహనం లేదు, తర్పణం లేదు. మట్టిలో పెట్టి వచ్చేశాం. బావకు ఏటా తద్దినం పెడుతున్నాం. ఒకసారి ఆ విస్తరి ముందు కూర్చుని అక్క అడిగింది, "మరి ఆడికి ఎవులు పెడతారురా?" పాపమెరుగని బిడ్డ భగవంతుడి దగ్గరే ఉంటాడు, మన ముద్ద అక్కర్లేదు అన్నాను. శాస్త్రం చెప్పేది అదే, ఇప్పటికీ నేను నమ్మేదీ అదే. అక్క తలూపింది గాని, ఆ రోజు అన్నం ముట్టలేదు.

మేనకోడలు అద్దెకున్న ఇంటి యజమానురాలు పెద్దావిడ. ముందు గదిలో బల్ల మీద బంతిపూలు, కొవ్వొత్తులు, ఉప్పు, నీళ్ళు, తీపి రొట్టెలు పేర్చింది. పిల్లల రోజున ఆవిడ అక్క చెయ్యి పట్టుకుని ఏదో అడిగింది. మేనకోడలు తెలుగులో చెప్పింది: "అన్నయ్యకి ఏటిష్టమో అడుగుతోందమ్మా. అది పెడదామంటోంది." అక్క బల్ల మీది తీపి రొట్టెల్ని ఒక్కొక్కటిగా చూసింది. "ఏటి సెప్పనే? ఆడు నా పాలు తప్ప ఏటీ ఎరగడు." పెద్దావిడకు అది తెలియజెప్పగానే ఆవిడ ఏడ్చేసింది. అక్క ఏడవలేదు. లేచి వంటగదిలోకి వెళ్ళి, గుప్పెడు బియ్యం కడిగి, పాలు పోసి పరమాన్నం వండింది.

గిన్నె తెచ్చి నా ముందు పెట్టి, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఒళ్ళో కొంగు పరిచింది.

"పెట్టరా."

"శాస్త్రం ఒప్పుకోదక్కా."

"పిండం పెట్టమన్నానేటి? అన్నప్రాసన సెయ్యమన్నాను. మేనమామవి కాదేటి నువ్వు?"

గోవిందా అనుకుని, ఉంగరం తీసి పరమాన్నంలో ముంచి, అక్క ఒడికి కాస్త పైన, మోచేతి వంపు దగ్గర, నోరుండాల్సిన చోట పట్టుకున్నాను. అక్క ఒక వేలితో అక్కడే గాలిలో వాడి మూతి తుడిచింది.

కాలం మా ఇద్దరి తలలూ నెరిసేలా చేసింది గాని, ఆ బిడ్డ ఆరో నెలను మాత్రం ముట్టుకోలేకపోయింది.