కావాలని పెట్టిన పగులు

హెడ్లీ ప్రాసర్ నలభై ఎనిమిదేళ్లు రాతిపని చేశాడు. ఇంగ్లండులోని మా ష్రాప్‌షైర్ జిల్లాలో అతని చెయ్యి పడని చర్చి గోడలు తక్కువ. వార్న్‌కోట్ బురుజు మాట వస్తే మాత్రం వెంటనే మాట మార్చేవాడు. ఎందుకో, అతనికి ఇరవయ్యేళ్లుగా సున్నం కలుపుతున్న నాకూ తెలియదు.

వార్న్‌కోట్‌లో దొరల భవనాన్ని ఎప్పుడో కూల్చేశారు. తోట చివర బురుజు మిగిలింది. తన కిటికీలోంచి చూసుకోవడానికి పాత కోట ముక్క ఒకటి ఉండాలని పూర్వం ఒక దొరకు ముచ్చట పుట్టింది. అందుకని దాన్ని మొదటినుంచీ శిథిలంగానే కట్టించాడు. పైకప్పు లేదు. అంచులు విరిగినట్టు ఉంటాయి.

ఆ మార్చిలో బురుజు గోడ ఉబ్బింది. ఇంజనీరు ఫిలిపా క్రాస్లీ ఉబ్బుకు అడ్డంగా సన్నని గాజుపలక అతికించింది. గోడ కదిలితే అది పగులుతుంది. కదిలినా కదలకపోయినా, నయం చేసే దారి కనబడకపోతే శుక్రవారం కూల్చివేత.

గురువారం పొద్దున హెడ్లీ ఉలి, సుత్తి పట్టుకుని బురుజు చుట్టూ వేసిన కంచె దాటాడు. వెనకే నేను.

"ప్రాసర్ గారూ, ఎక్కడికి?" అంది ఫిలిపా.

"ఇక్కడో పగులుండేది అమ్మాయ్. పూడ్చింది నేనే."

"నాకేం కనబడలేదే!"

"అంత బాగా పూడ్చాను మరి. పనిలో చేరిన రెండో ఏడు. కట్టినవాడు కావాలనే వదిలాడని తెలీలేదు. ఎవడో చేతకాని మేస్త్రీ అనుకుని సిమెంటు దట్టించి, పైన రాతిపొడి అద్దాను. లోపల పడ్డ వాన బయటికి పోయే దారి అది. అది మూసుకుపోయి, ఆ నీళ్లే గోడను తోస్తున్నాయి."

"ఇన్నాళ్లూ నోరు మెదపలేదా?" అన్నాను నేను.

"నీలాంటివాడు జన్మంతా ఎగతాళి చేస్తాడనీ."

ఫిలిపా నవ్వలేదు. "దెబ్బల అదురుకి గోడ మీ మీద పడితే?"

"అందుకే మీరిద్దరూ కంచె అవతల ఉండండి."

"నేను గాజు దగ్గరే ఉంటాను. ఆపమంటే ఆపాలి. వాదించకూడదు."

హెడ్లీ గోడ అడుగున మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఒక దెబ్బ కొట్టి ఆగేవాడు. ఆమె తల ఊపితే ఇంకో దెబ్బ. గంట గడిచేసరికి చెయ్యి పట్టేంత సందు పడింది. అంతలో పైనుంచి ఇసుక రాలింది. టిక్కుమని చప్పుడైంది.

"ఆపండి!"

హెడ్లీ ఉలి అలాగే పట్టుకుని కదలకుండా ఉండిపోయాడు. అతని తలపైనే ఆ ఉబ్బు. ఫిలిపా గాజును అంచునుంచి అంచుదాకా వేలితో తడిమింది.

"జిగురు లేచింది. గాజు బాగానే ఉంది." ఆమె వేలు తీసింది. "ఇంకొక్క దెబ్బ. అంతే."

ఉలి పిడిదాకా దిగిపోయింది. బయటికి లాగగానే కుళ్లిన ఆకుల వాసనతో నల్లటి నీళ్లు అతని ఒళ్లోకి చిమ్మాయి. పావుగంటసేపు కారుతూనే ఉన్నాయి. గాజు పగల్లేదు.

"రేపటి పని ఆపిస్తాను," అంది ఫిలిపా. "కానీ ఎవరు పూడ్చారో నా నివేదికలో రాయాలి."

"రాసుకో."

పగులు పొడవునా పైకి ఇంకా పదడుగుల సిమెంటు ఉంది. హెడ్లీ నన్ను నిచ్చెన తెమ్మన్నాడు.