అటువైపు ముల్లు

జంట మాస్టారికి ఉన్నది ఒక్కటే జబ్బు. ఎవరేం చెప్పినా "మరి అటువైపు మాటేమిటి?" అనేవారు. బళ్ళో ఫిజిక్సు చెప్పీ చెప్పీ అంటుకున్న జబ్బది. లోకంలో ఒంటరి బలం లేదనీ, బలాలన్నీ జంటలేననీ, మనం దేన్ని తోస్తే అదీ మనల్ని అంతే తోస్తుందనీ ఆయన వాదం. అందుకే బడిపిల్లలు ఆ పేరు పెట్టారు. ఇంట్లో ఉంటున్న తొమ్మిదేళ్ళ మేనకోడలికి మాత్రం ఆయన మావయ్యే.

పిల్ల వాళ్ళమ్మకి ఎక్కడో దూరాన ఆస్పత్రిలో నర్సు ఉద్యోగం దొరికింది. అక్కడి హాస్టల్లో పిల్లల్ని ఉండనివ్వరు. అన్నగారింట్లో పిల్లని దింపి, వెనక్కి తిరిగి చూడకుండా బస్సెక్కేసింది.

ఆ రోజే పిల్ల కాలివేలు మంచానికి కొట్టుకుని లబోదిబోమంది. అత్తయ్య వేలు ఊదుతుంటే, మావయ్య మంచం కోడు నిమురుతున్నారు.

"పిల్ల ఏడుస్తుంటే మంచాన్ని ఓదారుస్తారేంటండీ?"

"దీనికీ అంతే తగిలిందే! నోరు లేదు కాబట్టి ఊరుకుంది."

పిల్ల ఏడుపు మధ్యలో ఫక్కున నవ్వింది.

ఇంకోసారి పక్కింటాయన కారు ఆగిపోతే, మాస్టారు తొయ్యబోయి బురదలో బోర్లాపడ్డారు.

"తోశారా మాస్టారూ?" అని కారు లోపల్నుంచి కేక.

"తోశానండీ! అదీ నన్ను అంతే తోసింది. దాని కింద గట్టి నేలుంది, నా కింద బురదుంది!"

ఆయన ప్రాణమంతా రెండు స్ప్రింగు త్రాసుల మీదే. కొక్కేనికి కొక్కెం తగిలించి ఇద్దరు చెరోవైపు లాగితే, రెండు ముళ్ళూ ఒకే అంకె చూపిస్తాయి. ఆ జతని ఎవర్నీ ముట్టుకోనిచ్చేవారు కాదు. అలాంటిది ఉన్నట్టుండి ఒక త్రాసు మాయమైంది. ఏదంటే, "రిపేరుకెళ్ళింది" అన్నారు. ఎనిమిది నెలలైనా అదే మాట.

"ఈపాటికి విమానమైనా బాగయ్యేది" అని అత్తయ్య సణిగేది.

సాయంత్రం ఆరంటే, ఒకప్పుడు అమ్మ పని నుంచి ఇంటికొచ్చే వేళ. ఆ వేళకి పిల్ల వీధి గుమ్మంలో నిలబడి ఊరికే దారి చూసేది. మావయ్య లోపలికి పిలిచి, మిగిలిన త్రాసు కిటికీ ఊచకి తగిలించి, ముల్లు ఐదు మీదికొచ్చేదాకా లాగమనేవారు. రోజూ ఇదే పాఠం. అరచేతిలో త్రాసు రింగు గీత పడేది. అది చెరిగిపోయేదాకా ఎవరో చెయ్యి పట్టుకున్నట్టే ఉండేది పిల్లకి.

ఒకరోజు పిల్ల త్రాసు వదిలేసింది.

"అమ్మ నన్ను మర్చిపోయింది మావయ్యా. బెంగంతా నాకే."

"మరి అటువైపు మాటేమిటి?"

"అటువైపు కిటికీ ఊచ!"

"నువ్వెంత లాగితే అటువైపూ అంతే లాగుతోంది. ముల్లు కనపడదంతే."

"రెండూ సమానమైతే కొట్టేసుకుపోవాలిగా? నాకింకా బెంగ ఎందుకుంది?"

"పిచ్చిదానా, ఒకటి నీ మీద, రెండోది అటువైపు మీద. వేరువేరు చోట్ల పడ్డవి ఎలా కొట్టేసుకుపోతాయి? ఎవరిది వాళ్ళకి పూర్తిగా ఉంటుంది."

పిల్లకి సగమే అర్థమైంది. అయినా మళ్ళీ లాగింది.

సెలవు దొరికి అమ్మ వచ్చింది. దువ్వెన కోసం పిల్ల ఆమె సంచిలో చెయ్యి పెడితే, రిపేరుకెళ్ళిన త్రాసు బయటపడింది.

"నీ మావయ్యే పంపాడు" అంది అమ్మ. "నువ్వు రోజూ ఆరింటికి ఐదు దాకా లాగుతావనీ, ఆ వేళకి నన్నూ లాగమనీ రాశాడు. డ్యూటీలో ఉంటే మందుల గది కిటికీకి తగిలించేదాన్ని. తోటి నర్సులు నాకు పిచ్చెక్కిందనుకున్నారు. నీకు చెప్పొద్దని నేనే అన్నాను. నేనూ బెంగపడుతున్నానని తెలిస్తే నువ్వు అసలే ఉండలేవని."

పిల్ల ముల్లుని ఐదు దాకా లాగి చూసింది. తర్వాత త్రాసు పట్టుకుని మావయ్య దగ్గరికి పరిగెత్తింది.

"మావయ్యా! నాది ఇక్కడి ఊచకి, అమ్మది అక్కడి ఊచకి. మధ్యలో తాడేదీ? ఇది జంటెలా అవుతుంది?"

మావయ్య తల గోక్కున్నారు. అత్తయ్యకి ఇంతకన్నా మంచి అదును దొరకదు.

"చెప్పండి మాస్టారూ, అటువైపు మాటేమిటి?"

"శుద్ధ తప్పు" అన్నారాయన గోడవైపు తిరిగి. "ఇది జంటని పరీక్షలో రాశావంటే సున్నా వేస్తాను."

పిల్ల రెండు కొక్కేలూ కలిపి ఒక రింగు అమ్మ చేతికిచ్చింది. ఇద్దరూ లాగారు. ముళ్ళు రెండూ కలిసి ఐదు దాటి, పది దాటి పోతున్నాయి.

"మెల్లిగా! స్ప్రింగు సాగిపోతుంది! ఈసారి నిజంగానే రిపేరుకి పంపాలి!" అని మావయ్య గోలపెట్టారు.

వాళ్ళు వదల్లేదు.