మంచం కింది క్రిస్మస్ చెట్టు

మా ఇంట్లో క్రిస్మస్ చెట్టు ఏడాది పొడుగునా మంచం కిందే ఉండేది. అట్టపెట్టెలో, గొడుగులా ముడిచి, పైన పాత బొంత కప్పి. డిసెంబరు చివర్లో నాయిన దాన్ని బయటకు లాగి, తీగల కొమ్మలు ఒక్కొక్కటే విప్పి, లోపలి గదిలో బీరువా పక్కన నిలబెట్టేవాడు. అంతకు ముందే కిటికీ రెక్కలు మూసేవాడు. మూశాక ఒకసారి తోసి చూసుకునేవాడు. ఎవరైనా తలుపు కొడితే చెట్టు మళ్లీ ముడుచుకుని మంచం కిందికి పోయేది. ఆ పనిలో నాయినకు ఎంత చేయి తిరిగిందంటే, అమ్మ "వస్తున్నా" అంటూ తలుపు దాకా నడిచేలోపే అంతా అయిపోయేది.

అప్పుడు మేము పటాన్‌చెరు దగ్గర, నాయిన పనిచేసే ప్రభుత్వ ఫ్యాక్టరీ క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. అది ఎస్సీ కోటాలో వచ్చిన ఉద్యోగం. కాగితం మీద మేము హిందువులం. ఊళ్లో మాత్రం తాత కాలం నుంచీ గుడికి పోయేవాళ్లం. మా వైపు చర్చిని గుడి అనే అంటారు. క్రైస్తవుడైతే ఎస్సీ ఇక ఎస్సీ కాదని చట్టం. అది రాసినవాళ్లెవరూ మా ఊరు వచ్చి ఉండరు. మా ఊరి హోటల్లో తాతకు చాయ్ పోసే గ్లాసు బయట, చూరులో, వేరేగా ఉండేది. తాత బాప్తిస్మం తీసుకున్నాడని ఆ గ్లాసును ఎవరూ లోపల పెట్టలేదు. ఉద్యోగం దగ్గరికొచ్చేసరికి మాత్రం, దేవుణ్ణి మార్చుకున్నావు కదా, ఇంక నీకేం తక్కువ అంటారు. ఈ న్యాయం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అందుకని ముందు గదిలో లక్ష్మీదేవి క్యాలెండరు ఉండేది. అమ్మ నుదుట స్టిక్కరు బొట్టు ఉండేది. ఊరు పోయేటప్పుడు సంగారెడ్డి దాటాక అమ్మ ఆ బొట్టు తీసి బస్సు కిటికీ చువ్వకు అంటించేది. తిరిగి వచ్చేటప్పుడు పర్సులోంచి కొత్తది తీసి పెట్టుకునేది. ఊరికి కూడా దసరాకే పోయేవాళ్లం. సరిగ్గా క్రిస్మస్‌కు ఊరు పోతే ఎవరికైనా అనుమానం వస్తుందని నాయిన భయం. ఆయన సెక్షన్లోనే ఒకాయన మీద, చర్చికి పోతాడని ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాస్తే, ఎంక్వయిరీల పేరుతో ఆ మనిషిని ఆఫీసుల చుట్టూ తిప్పితిప్పి సగం చేశారు. ఆయన్ని చూసొచ్చిన రోజు నాయిన అన్నం ముందు కూర్చుని తినకుండానే లేచాడు.

ప్లాస్టిక్ చెట్టంటే నాకు పరమ అసహ్యం. బడిలో చేరేదాకా నేను ఊళ్లో నాయనమ్మ దగ్గర పెరిగాను. అసలు చెట్టంటే ఏమిటో నాకు తెలుసు. సరుగుడు చెట్టును మా వైపు సర్వి అంటారు. నిలువెత్తు సర్వి కొమ్మ కొట్టుకొచ్చి, కిరసనాయిలు డబ్బాలో ఎర్రమట్టి పోసి పాతేవాళ్లం. డబ్బాకు రంగుకాగితం చుట్టేవాళ్లం. తాను కూలికి పోయిన చేలో ఏరుకొచ్చిన పత్తిని నాయనమ్మ మంచులా అంటించేది. మంచు ఎలా ఉంటుందో మాలో ఎవరికీ తెలియదు గానీ అంటించేవాళ్లం. ఆకుల్ని చేత్తో నలిపితే పచ్చి వాసన వచ్చేది. రాలిన సన్నపుల్లలు ఊడ్వలేక నాయనమ్మ రోజూ తిట్టుకునేది. తిట్టుకుంటూనే కొత్త సంవత్సరం దాకా ఉంచేది.

"మనం గూడ సర్వి కొమ్మ పెడదాం నాయినా" అని ఏటా ఏడ్చేదాన్ని.

"గిది మంచిగ లేదా? ఎండది, రాలది."

"వాసన లేదు."

"వాసన బయటికి పోతది బిడ్డా" అనేవాడు.

ఒక దసరాకు ఊరు పోయినప్పుడు నాయనమ్మతో చెప్పాను, మాది ప్లాస్టిక్ చెట్టని. ఆమె పకపకా నవ్వింది. నవ్వి నవ్వి, నాయిన వైపు తిరిగింది. "ఏందిరా, కొమ్మ దొరకలేదా నీకు?"

"ఆడ దొరకదవ్వా" అన్నాడు నాయిన. ఉన్న సంగతి చెప్పలేదు. కన్నతల్లికి తన భయం చెప్పుకోవడానికి సిగ్గుపడ్డాడనుకుంటాను. ఆ ఒక్క మాట చెప్పి ఉంటే ఆ తర్వాతది జరిగేదే కాదు.

ఆ డిసెంబరులో పండుగ ముందురోజు సాయంత్రం, ఫ్యాక్టరీ షిఫ్టు వదిలి కాలనీ రోడ్డంతా సైకిళ్లతో నిండి ఉన్న వేళ, నాయనమ్మ వచ్చింది. భుజం మీద తనకంటే పొడుగున్న సర్వి కొమ్మ. ఊరి నుంచి బస్సు టాపు మీద కట్టించుకుని తెచ్చిందట. ఇస్నాపూర్‌లో దిగితే ఆటోవాళ్లెవరూ ఎక్కించుకోలేదట. అక్కడి నుంచి మోసుకుంటూ, దారి పొడుగునా అడుగుతూ వచ్చింది. గేటు దగ్గర నిలబడి, "దొరకదంటివి గదరా! ఇగో, తెచ్చిన!" అని అరిచింది. ఆమె ముఖం చూడాలి. నేను ఎగురుకుంటూ వెళ్లి కొమ్మను పట్టుకున్నాను. అప్పటికి నాకు ఇంకేదీ కనపడలేదు.

పక్క క్వార్టర్ ఆంటీ అరుగు మీదే ఉంది. కోస్తా నుంచి వచ్చినవాళ్లు. ఆమె భర్తది నాయిన సెక్షనే, నాయినకు వచ్చిన ప్రమోషన్ ఆయనకు రాలేదు. "ఏంటన్నయ్యగారూ, అంత పెద్ద కొమ్మ? ఏం చేస్తారు దీంతో?" అని అడిగింది. మామూలుగానే అడిగిందేమో, ఇప్పటికీ నాకు తెలియదు.

అప్పుడే షిఫ్టు దిగి వచ్చిన నాయిన కొమ్మను నా చేతుల్లోంచి లాక్కున్నాడు. "నీళ్లకు కట్టెలండీ. మా అమ్మ ఊరి నుంచి తెచ్చింది."

"కట్టెలా! బస్సులో వేసుకొచ్చారా! పెద్దవాళ్లు అంతేలెండి" అని ఆమె నవ్వింది. నవ్వి, లోపలికి పోలేదు.

నాయనమ్మ కొడుకు ముఖంలోకి చూసింది. తలుపులోంచి లక్ష్మీదేవి క్యాలెండరు చూసింది. అమ్మ బొట్టు చూసింది. కట్టెలన్నాక కట్టెలే కావాలి కాబట్టి నాయిన కొమ్మను పెరట్లోకి ఈడ్చుకుపోయి గొడ్డలి తీశాడు. పెరటిగోడ నడుమెత్తే ఉంటుంది. ఆంటీ ఇప్పుడు అటువైపు బట్టలు తీస్తోంది. నేను గట్టిగా ఏడుపు మొదలుపెడితే అమ్మ కొంగుతో నా నోరు మూసింది. నాయిన మొదలు నుంచి చివర దాకా నరికాడు. పనిమంతుడు కదా, ముక్కలన్నీ ఒక్క పొడుగులో వచ్చాయి.

పెరట్లో మూడు రాళ్ల పొయ్యి మీద నీళ్ల కాగు ఉండేది. నాయిన వంగి అంటించబోతే అంటుకోలేదు. అప్పుడు నాయనమ్మ వచ్చి ఆయన్ని పక్కకు జరిపి, పొయ్యి ముందు కూర్చుని ఊదుగొట్టం అందుకుంది. "పచ్చి కట్టె బిడ్డా. పొగనే వస్తది" అంది. కొడుకు ఆడిన అబద్ధం నిలబడాలని ఆ ముసలిది పొయ్యి ఊదుతూ కూర్చుంది. పొగ గోడ దాటిపోయింది. "పచ్చివి తెచ్చారేంటండీ" అని ఆంటీ దగ్గుకుంటూ లోపలికి వెళ్లింది. నాయనమ్మ కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. పొగకే అనుకోవచ్చు. నేను అనుకోలేదు.

తెల్లారకముందే ఆమె బయల్దేరింది. "గుడి యాళ్లకు ఊర్ల ఉండాలె" అంది. ఆమెను బస్సెక్కించి వచ్చి, నాయిన కిటికీలు మూసి మంచం కింది చెట్టు తీశాడు. మిగిలిన కొమ్మలతో కాగిన నీళ్లే మేము ఆ క్రిస్మస్‌కు తలకు పోసుకున్నాం. ఆ తర్వాత నాయనమ్మ బతికినన్నాళ్లూ మా క్వార్టర్‌కు రాలేదు. ఏదో ఒక పని ఉందనేది.

నాయినను నేను క్షమించలేదు. పెద్దయ్యే కొద్దీ నా నోటికి పదును కూడా వచ్చింది. డిసెంబరు వస్తే చాలు, "నీళ్లకు కట్టెలు తేవాల్నా నాయినా?" అనేదాన్ని. ఆయన వినపడనట్టు కిటికీ రెక్కలు మూసుకునేవాడు. మా ఇంట్లో దేవుడికి భయపడేవాళ్లు ఎవరూ లేరని, పక్కింటికే భయపడతారని ఒకసారి ముఖం మీదే అన్నాను.

రెండు వేల సంవత్సరం దాటాక నాయిన రిటైరయ్యాడు. అమీన్‌పూర్ దగ్గర చిన్న ప్లాటు కొని ఇల్లు కట్టుకున్నాం. ఆ ఇంట్లో మొదటి క్రిస్మస్‌కు ఆయన చిన్నపిల్లాడైపోయాడు. "ఇగ ఎవని భయం లేదు బిడ్డా. సర్వి కొమ్మ తెస్త. వాకిట్ల పెడదాం, అందరు సూడాలె" అన్నాడు. నాయనమ్మ ఊరికి తానే పోయి, ట్రాలీ ఆటోలో వేయించుకుని తెచ్చాడు.

నాకు ఆ ఏడాదే సర్కారు బడిలో టీచరు ఉద్యోగం వచ్చింది. అదే కోటాలో. ఇంకా ప్రొబేషన్ అయిపోలేదు. బడి గేటు ముందు ఆగి, పర్సులోంచి స్టిక్కరు తీసి నుదుట పెట్టుకోవడం నాకు అప్పటికే అలవాటైంది. స్టాఫ్ రూములో ఒక మేడమ్ నన్ను, "శనివారం అందరం పోతం గద, మీరు గుళ్లకు రారేంది?" అని రెండు మూడుసార్లు అడిగింది. పండుగ సెలవు ముందురోజు ఆమే నన్ను స్కూటీ మీద ఇంటి దగ్గర దింపింది.

నాయిన వాకిట్లో బకెట్టులో ఇసుక పోస్తున్నాడు. గోడకు ఆనించి సర్వి కొమ్మ, పచ్చగా, ఆయన కంటే ఎత్తున ఉంది. నన్ను చూసి నవ్వాడు.

"ఏంది అంకుల్, గంత పెద్ద కొమ్మ?" అంది మేడమ్, స్కూటీకి స్టాండు వేస్తూ.

నాయిన నా ముఖం చూశాడు. అందులో ఏం కనపడిందో నాకు తెలుసు, చిన్నప్పుడంతా ఆయన ముఖంలో నేను చూసిందే. ఆయన నవ్వు ఆగిపోయింది. బకెట్టును కాలితో మెల్లగా వెనక్కు జరిపాడు.

"నీళ్లకు కట్టెలు బిడ్డా" అన్నాడు.

"గీజర్ లేదా అంకుల్?"

"కట్టెల నీళ్లే నాకు పడతయి."

ఆమె చాయ్ తాగి పోతానని అరుగు మీద కూర్చుంది. మా కొత్త ఇంట్లో కట్టెల పొయ్యి లేదు. గొడ్డలి కూడా లేదు. నాయిన కొమ్మను అడ్డంగా పడేసి, మోకాలు ఆనించి, చేతులతో విరవడం మొదలుపెట్టాడు. లావు దగ్గర ఆయన బలం చాలలేదు. నేను వెళ్లి రెండో కొస పట్టుకున్నాను.